రొమ్ముబంటి గీత

మా ఊరు చూడాలని పనిగట్టుకుని వచ్చినవాడు ఇంతవరకు ఎవడూ లేడు. భద్రాచలం గుడికి వచ్చినవాళ్ళు దర్శనం అయిపోయి, బస్సుకి ఇంకా టైముండి, ఏం చేయాలో తోచక నా ఆటో ఎక్కుతారు. చుట్టుపక్కల చూసేవి ఏమున్నాయని అడుగుతారు. ఉన్నవి మాత్రమే చూపిస్తే అరగంటలో అయిపోతుంది. అందుకని లేనివి కూడా చూపిస్తాను. ఎవరూ ఎప్పుడూ కిరాయి తిరిగి అడగలేదు.

ఏడో తరగతిలో సాంఘికశాస్త్రం సారు సరిహద్దులంటే నదులు, కొండలు, సముద్రాలు అని చెప్పాడు. ఆ యేడే నేను బడి మానేశాను. ఆ రెంటికీ సంబంధం లేదులెండి. కానీ సారు ఇప్పుడు కనిపిస్తే తీసుకొచ్చి మా ఊరి సరిహద్దు చూపించేవాణ్ణి. అదొక వాగు. వానాకాలం మాత్రమే వాగు, మిగతా రోజులు మురికికాలువ. రాష్ట్రం రెండు ముక్కలైనప్పుడు వాగుకి ఇవతలున్న మా ఎగువ బజారు తెలంగాణలో ఉండిపోయింది. వాగుకీ గోదావరికీ మధ్య ఇరుక్కున్న పల్లపు బజారు ఆంధ్రలోకి పోయింది. రెంటినీ కలిపేది ఒక కల్వర్టు. నాకు పిల్లనిచ్చిన మామ ఇల్లు పల్లపు బజార్లో. పెళ్ళినాటికి ఒకే ఊరు సంబంధం చేసుకున్నానని దోస్తులు ఎగతాళి చేశారు. తర్వాత కూర్చున్నచోటే అది పొరుగు రాష్ట్రం సంబంధం అయింది. నేను ఆటో దిగగానే మా మామ, "ఏం అల్లుడా, వీసా తెచ్చుకున్నవా?" అనేవాడు. ఆ మాట వందసార్లు అని ఉంటాడు. అన్న ప్రతిసారీ మొదటిసారి అన్నట్టే నవ్వేవాడు.

ఆయన చనిపోయాడు. ఈ ఊరి గురించి ఎవరైనా ఏమైనా రాయమంటే నాకు ముందు అదే గుర్తొస్తుంది. ఊరి చరిత్రా, చూడదగ్గ ప్రదేశాలూ రాసుకుంటూ పోతే చివరికి ఆయన దగ్గరికే వచ్చి ఆగుతాను. ఎందుకంటే ఆయన్ని చంపింది కూడా చూడదగ్గ ప్రదేశమే.

చరిత్ర పెద్దగా ఏం లేదు. ఈ ఊరు టేకు కోసం పుట్టింది. పైనున్న అడవుల్లో కొట్టిన దుంగలను వెదురుతో కలిపి తెప్పలు కట్టి గోదావరి మీద వదిలేవారట. తెప్పలు ఆగే రేవు దగ్గర ఒక తెల్లదొర రెండు గదుల బంగళా కట్టుకున్నాడు. బంగళాకి నీళ్ళు మోసే మనిషి పక్కనే గుడిసె వేసుకున్నాడు. గుడిసెకి ఎదురుగా ఇంకెవడో కల్లు అమ్మడం మొదలుపెట్టాడు. ఊరంటే అంతే, ఇంకేం కావాలి. నదికి అవతల నిజాం రాజ్యం, ఇవతల దొరల రాజ్యం. తర్వాత ఒక జిల్లా, ఆ తర్వాత ఖమ్మం జిల్లా, ఆ తర్వాత ఇంకో కొత్త జిల్లా. ఊరు ఉన్నచోటే ఉంది. బోర్డులే దాని చుట్టూ తిరిగాయి.

ఇక చూసేవి. ముందు కల్వర్టు దగ్గర ఆపుతాను. రెండు వైపులా రెండు రాష్ట్రాల స్వాగతం బోర్డులుంటాయి. ఒక కాలు అక్కడ, ఒక కాలు ఇక్కడ పెట్టి ఫోటో దిగమంటాను. అందరూ దిగుతారు, స్వాములు కూడా. గురువారమైతే సంతకి తీసుకుపోతాను. అడవి ఊళ్ళ నుంచి కోయవాళ్ళు అడ్డాకులు, ఇప్పపువ్వు, తేనె, చీపుర్లు తెస్తారు. ఉప్పు, ఎండుచేపలు, ఫోను రీచార్జి పట్టుకుపోతారు. వాళ్ళ భాషలో నాకు వచ్చినవి రెండు మూడు మాటలే, అయినా అదే ధాటిగా వాడి యాత్రికుల దగ్గర పండితుణ్ణని అనిపించుకుంటాను. కోయ ఆడవాళ్ళు నవ్వు ఆపుకోలేక మొహం తిప్పుకుంటారు. మాఘంలో మిర్చి కల్లాలు. ఎకరాలకెకరాలు ఎర్రగా పరిచి ఉంటుంది. చూడ్డానికి బాగుంటుంది, పీల్చడానికి బాగుండదు. తుమ్ములు మొదలవగానే ఇది మా ఊరి అత్తరు అని చెప్పి ఆటో ముందుకు దూకిస్తాను.

అన్నిటికంటే చివర గోడౌను గోడ మీది గీత.

పల్లపు బజారు రేవు వైపు చివర ఒక షావుకారు మిర్చి గోడౌను ఉంది. దాని పాతగోడ మీద ఎర్రజాజుతో అడ్డంగా గీసిన గీత ఉండేది. మా మామ పసిపిల్లవాడుగా ఉన్నప్పుడు పెద్ద వరద వచ్చింది. గోడౌను దగ్గర నీళ్ళు మనిషి రొమ్ముబంటి వచ్చేవేళకి వెనకాల వాగు కల్వర్టు మీదికి ఎక్కిందట. ఆ తర్వాత బయటికి రావడానికి దారి లేదు. మా మామ వాళ్ళ నాయన ఆ ఆఖరి వేళలో కొడుకుని భుజాన వేసుకుని దాటాడు. దాటనివాళ్ళు దాటలేదు. వరద తీశాక బతికినవాళ్ళు గోడ దగ్గరికి వచ్చి, మామ వాళ్ళ నాయన్ని నిలబెట్టి, రొమ్ము ఎత్తున గీత గీశారు. నీళ్ళు ఈ గీతను తాకితే బజారు వదలాలి, తాకేదాకా భయం లేదు. పల్లపు బజారుకి అంతకంటే పెద్ద శాస్త్రం లేదు. ఏటా ఆషాఢంలో గోదావరి ఎర్రబడగానే ఆడవాళ్ళు బోనం తెచ్చి గీతకి పసుపు కుంకుమ పెట్టేవారు. బజార్లో పెద్దమనిషి జాజుతో దాన్ని మళ్ళీ దిద్దేవాడు. చాలా ఏళ్ళు ఆ పెద్దమనిషి మా మామే.

కొన్నేళ్ళ కింద షావుకారు పాతగోడ కూలగొట్టి కొత్తది కట్టాడు. లారీలకు బస్తాలు ఎత్తడానికి వీలుగా గోడ పొడవునా ముందు ఒక అరుగు కట్టాడు, నడుం దాకా ఎత్తున. గీత పోయింది కదా అని బజారంతా వచ్చారు. షావుకారు మంచివాడే, మళ్ళీ గీసుకోమన్నాడు. ఎక్కడ గీయాలనే అనుమానం ఎవరికీ రాలేదు. రొమ్ముబంటి అని చంటిపిల్లలకి కూడా తెలుసు. మా మామ వాళ్ళ నాయనంత పొడుగు మనిషి. ఆయన్నే గోడకి ఆనించి నిలబెట్టారు. అత్త జాజు గిన్నె పట్టుకుంది. నేను ఆటో పక్కన పెట్టి వచ్చి తమాషా చూస్తూ, "మామా, ఊపిరి బిగబట్టకు, గీత మీదికి పోతది," అన్నాను. అందరూ నవ్వారు. ఆయన కావాలనే ఊపిరి బాగా వదిలేసి, "ఇగ గీయుండ్రి," అన్నాడు. అంత జాగ్రత్త పడ్డాం.

గోడని ఆనుకోవాలంటే అరుగు ఎక్కాలి. ఆయన అరుగు మీద నిలబడ్డాడు. అది ఎవరి కంటికీ ఆనలేదు. అక్కడున్న మాలో ఎవరికీ.

ఆ తర్వాత వచ్చిన వానాకాలాలు మామూలువి. గీత అరుగు మీద ఎండకి వెలుస్తూ, ఆషాఢంలో మళ్ళీ ఎర్రబడుతూ ఉంది. నేను యాత్రికులను అరుగు ఎక్కించి ఫోటోలు తీశాను.

మొన్నటి పెద్ద వరద శ్రావణంలో వచ్చింది. రెండు రాష్ట్రాల మైకు జీపులూ వచ్చాయి. ఒకటి కల్వర్టుకి ఇవతల తిరిగి వెళ్ళింది, ఇంకోటి అవతల. ఒకటి భద్రాచలం దగ్గర నీటి ఎత్తు చెప్పింది, రెండోది దిగువన ఇంకెక్కడి ఎత్తో చెప్పింది. రెండూ నిజమే అయ్యుండొచ్చు. కానీ పల్లపు బజారువాళ్ళకి రెండు లెక్కలు విన్నాక మూడోది ఒకటుందని గుర్తొచ్చింది. అది మైకు పెట్టి అరవదు, ఇంటి ముందు నుంచే కనిపిస్తుంది.

మధ్యాహ్నం నేను కల్వర్టు దగ్గరికి వచ్చేసరికి దాని మీద నీళ్ళు పారుతున్నాయి. ఆటో ఇవతలే వదిలి, మోకాళ్ళ లోతు నీళ్ళలో నడిచి పోయాను. మా మామ గుమ్మంలో మంచం వేసుకుని కూర్చుని గోడౌను వైపు చూస్తున్నాడు. అత్త ట్రంకుపెట్టె, బియ్యం మూట కట్టి పెట్టుకుంది. ఇంటి వెనక పెరట్లోకి నీళ్ళు వచ్చేశాయి. రెండు గేదెలూ గిట్టలు ఎత్తి ఎత్తి దించుతున్నాయి.

"మామా, కల్వర్టు మీదికి నీళ్ళెక్కినయ్. లే, పోదాం," అన్నాను.

"గీత తడిసిందా?"

"తడవలే."

"మరింకేంది? అది వానకు వాగు పొంగింది అల్లుడా. గోదారి కాదు. గోదారి వస్తే గీత చెప్పదా?"

"పెరట్లకు వచ్చినయ్ గదా," అంది అత్త. "నాకు భయమైతంది. పోదాం పాండ్రి."

ఆయన పెరటి వైపు తిరిగి చూశాడు. నీళ్ళు చూశాడు. మళ్ళీ గోడౌను వైపు చూశాడు. గీత ఎర్రగా, పొడిగా, నీళ్ళకి చాలా పైన ఉంది. తన కళ్ళని నమ్మాలా, వాళ్ళ నాయన రొమ్ముని నమ్మాలా అన్నట్టు ఒక్క క్షణం కూర్చున్నాడు.

"నువ్వు అల్లుడితో పో," అన్నాడు అత్తతో. "గేదెలను ఇప్పి తోలుకొస్త. గీత తడవంగనె బయలెల్త."

"గీతకు ఫోన్ చేసి ఎప్పుడు తడుస్తదో కనుక్కోనా?" అన్నాను. నాకు వేరే మాట్లాడడం చేతకాదు. ఆయన నవ్వాడు.

అత్తని చెయ్యి పట్టుకుని దాటించాను. వెళ్ళేటప్పుడు మోకాళ్ళ దాకా ఉన్నవి వచ్చేటప్పుడు నడుం దాకా ఉన్నాయి. ట్రంకుపెట్టె మధ్యలో చెయ్యి జారి పోయింది. ఆమెను ఎగువ బజారు గట్టు మీద కూర్చోబెట్టి మళ్ళీ దిగబోతే నలుగురు నన్ను పట్టుకున్నారు. కల్వర్టు పిట్టగోడ కనిపించడం మానేసింది. పల్లపు బజారువాళ్ళు అప్పటికి భయపడి తాడు పట్టుకుని ఒక్కొక్కరే వస్తున్నారు, చేతుల్లో పిల్లలు తప్ప ఇంకేమీ లేకుండా. ఒకామె తన మేకలను వదిలి రానని ఏడుస్తుంటే ఆమె మొగుడు రెక్క పట్టుకుని లాక్కొచ్చాడు. పొడుగాటి మనిషి, ఆయనకే గొంతు దాకా వచ్చాయి. మా మామ ఏడని అడిగితే, గుమ్మంలో కూర్చున్నాడని, గీత ఇంకా తడవలేదంటున్నాడని చెప్పారు.

గట్టు మీద నుంచి గోడౌను గోడ కనిపిస్తూనే ఉంది. నేనూ అత్తా దాన్నే చూస్తూ నిలబడ్డాం. సాయంత్రం వెలుగు ఇంకా ఉండగానే గీత మునిగింది. మా మామ మాట మీద నిలబడే మనిషి. గీత తడవగానే బయలుదేరి ఉంటాడు.

గేదెలు వచ్చాయి. పలుపుతాళ్ళు కోసి ఉన్నాయి. ఈదుకుంటూ వచ్చి బడి ఉన్న దిబ్బ ఎక్కి నిలబడ్డాయి. వాటికి గీత సంగతి తెలియదు.

ఆయన నీళ్ళు తీశాక దొరికాడు, మా వైపు జామాయిల్ తోటలో. ఇల్లు ఆ రాష్ట్రంలో, మనిషి ఈ రాష్ట్రంలో. రెండు వైపుల నుంచి ఇద్దరు కానిస్టేబుళ్ళు వచ్చి, తోట గట్టు మీద నిలబడి, పెళ్ళి భోజనంలో ముందు మీరు కూర్చోండంటే మీరు కూర్చోండన్నట్టు చాలాసేపు మర్యాదగా మాట్లాడుకున్నారు. మా మామ బతికుంటే దాని మీద ఒక ఏడాది నవ్వించేవాడు. 

గేదెల కోసం పోయాడని ఊరంతా అంది. దినానికి వచ్చినవాళ్ళు కూడా విస్తరి ముందు కూర్చుని, పెద్దాయనకి పశువుల మీద ఆశ ఎక్కువని అన్నారు. అత్త వింటూ వడ్డించింది. ఆమెనూ గేదెలనూ మా ఇంటికి తెచ్చుకున్నాం. గేదెలను అమ్మేస్తానని నేనంటే వద్దంది. అమ్మకుండా ఉంచితే వాటిని చూసి ఊరు ఇంకా అంది.

మాఘంలో కొత్త మిర్చి దించడానికి కూలీలు గోడౌను అరుగు మీది బురద గీకి కడుగుతుంటే అత్తని తీసుకుని అటు పోయాను, కూలిన ఇంటి పెంకులు ఏరుకుందామంటే. ఆమె రోడ్డు మీద గోడకి ఎదురుగా ఆగిపోయింది. చెయ్యి రొమ్ము మీద పెట్టుకుంది. తల ఎత్తి గీతను చూసింది. రోడ్డు మీద నిలబడ్డ మనిషికి గీత నెత్తికి పైన ఉంది. ఆమె మొహం చూసి నేనూ చూశాను. నాకు అప్పుడే అర్థమైంది. ఆమెకి అంతకుముందే అనుమానం ఉన్నట్టుంది.

 ఇంటికొచ్చాక గీత తప్పన్న సంగతి మా ఆవిడ ముందు, నా ముందు చెప్పి, బజారుకి కూడా చెబుతానంది. చెబితే గేదెల కోసం పోయాడన్న మాట పోతుంది. కానీ బజారంతటినీ ముంచినవాడన్న మాట వస్తుంది. ఆ రోజు గీతను నమ్మి ఆగినవాళ్ళే అందరూ. ఇళ్ళు పోయాయి, గింజలు పోయాయి, ఆ మేకలామె మంద మొత్తం పోయింది. మా ఆవిడ ఏడ్చింది. నాయన పోయాక ఆయన పేరు కూడా పోగొట్టొద్దని తల్లిని బతిమాలింది. ఎవరికీ చెప్పకుండా నేను పోయి గీత చెరిపేస్తానన్నాను.

"చెరిపితె?" అంది అత్త. "మళ్ళ రొమ్ముబంటనే గీస్తరు. మళ్ళ అరుగు మీదనే నిలబడతరు."



ఆషాఢంలో బజారు గోడ దగ్గర చేరింది. అందరూ మళ్ళీ ఇళ్ళు లేపుకున్నారు, కొన్ని రేకులవి, కొన్ని పట్టాలవి. అత్త బోనం లేకుండా పోయింది. భర్త పోయిన మనిషి ఎందుకొచ్చిందా అని ఒకరిద్దరు చూశారు. పసుపు పెట్టబోతున్నవాళ్ళను ఆగమంది.

"ఆ దినం మా ఆయన అరుగు ఎక్కి నిలబడ్డడు," అంది. "రోడ్డు మీద నిలబడాలె. జాజు గిన్నె నేనే పట్టుకున్న. నేను గూడ చూడలే. గీత తప్పు."

జనం అరుగు వైపు చూశారు, గీత వైపు చూశారు. లెక్క అందరికీ ఒక్కసారే అందింది. మేకలామె మొగుడు అరుగు దిగి, రోడ్డు మీద గోడ వైపు తిరిగి నిలబడి, తన రొమ్ము దగ్గర వేలు పెట్టి చూపించాడు. ఆ ఎత్తు అరుగు అంచుకి కాస్త పైన, బస్తాలు ఒరుసుకుపోయేచోట పడింది. అక్కడే కొత్త గీత గీశారు. పాతదాని మీద సున్నం కొట్టారు. మేకలామె అత్త వైపు చూస్తూ, "మా మందల చూలు మేకలు గూడ ఉండె," అంది.  అత్త నా ఆటోలో వెనక కూర్చుంది. కల్వర్టు దాటేటప్పుడు ఏదో ఒకటి మాట్లాడదామని చూశాను. నా దగ్గర ఉన్నవన్నీ మా మామను నవ్వించడానికి దాచుకున్నవే.

అప్పటి నుంచి పల్లపు బజారు నుంచి మా ఇంటికి ఎవరూ రాలేదు. పెళ్ళిళ్ళకి నన్నూ మా ఆవిడనూ పిలిచారు, పేరు పేరునా, ఆమెను వదిలి. సంతలో ఆమెకి ఎదురైతే పక్క దుకాణంలో ఏదో బేరం ఉన్నట్టు తిరిగిపోయేవారు.

మళ్ళీ యేడు శ్రావణంలో గోదావరి లేచింది. కొత్త గీత తడిసింది. కల్వర్టు ఇంకా నీళ్ళ పైనే ఉంది. బజారు మొత్తం ఎడ్లబండ్లు, ట్రాలీ ఆటోలు, తల మీద మూటలతో ఎగువకి వచ్చేసింది, మేకలు, కోళ్ళు, మంచాలు, టీవీలతో సహా. నేనే చాలా ట్రిప్పులు వేశాను. అందరూ మా ఇంటి ముందు నుంచే బడికి పోయారు. అత్త గేటు దగ్గర నిలబడి చూసింది. ఎవరూ ఆగలేదు. తీరా సాయంత్రానికి నది పెరగడం ఆగిపోయింది. వాగు కల్వర్టు అంచు దాకా వచ్చి తగ్గిపోయింది. నీళ్ళు ఒక్క ఇంట్లోకి కూడా రాలేదు. బడిలో గొణుగుడు మొదలైంది. ఆమె మాట విని గీత కిందికి దించుకున్నందుకు ఊరికే సామాన్లు మోసి నడుములు పడిపోయాయని, వానకి తడిసి పిల్లలకి జ్వరాలు పట్టుకుంటాయని. నేను ఇంటికొచ్చి అత్తకి అదంతా చెప్పకుండా ఉండాల్సింది. చెప్పాను.

"తిట్టనియ్," అంది.

పొయ్యి మీద పెద్ద గుండిగలో అన్నం ఉడుకుతోంది, ఇంకో దాంట్లో పప్పు. ఎప్పుడు ఎక్కించిందో నేను చూడలేదు. నా ఆటోలో పెట్టించుకుని బడికి వచ్చింది. వరండాలో గుండిగలు దించాం. జనం ఉన్నచోటే ఉన్నారు. పిల్లలు లేవబోతే ఎవరో గదిమారు. అత్త గరిటె పట్టుకుని ముందున్నవాళ్ళ దగ్గరికి నడిచింది. ముందున్నది మేకలామె. పక్కన కొత్తగా కొన్న మూడో నాలుగో మేకలు ఆమె మంచం కోడుకి కట్టేసి ఉన్నాయి. పళ్ళెం ఒళ్ళో ఉంది. అత్త వంగేసరికి పళ్ళెం మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"గరిటె ఆడ పెట్టి పో," అంది, మొహం ఎత్తకుండా. "నేనే పెట్టుకుంట."

అత్త గరిటె గుండిగలో పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుని, మెట్లు దిగి వచ్చి ఆటోలో కూర్చుంది.